వానను తిట్టొద్దన్న పెద్దావిడ

గోవా చూసి తిరిగొస్తుంటే, హైదరాబాదులో భారీ వర్షమని మా విమానాన్ని బెంగళూరులో దించేశారు. అక్కడి నుంచి అందరినీ బస్సెక్కించారు. అనంతపురం ఇంకా రాకముందే ఒక డాబా దగ్గర బస్సు ఆగింది. భోజనం ఎవరి ఖర్చు వాళ్లదేనన్నాడు, వెంట వచ్చిన విమాన సంస్థ ఉద్యోగి.

"వాన మా చేతిలో లేదు కదా సార్."

వాన వల్లయితే పరిహారం ఇవ్వకపోవచ్చు గానీ, తిండి పెట్టాల్సిన బాధ్యత వాళ్లదే. ఆ మాట గట్టిగానే అన్నాను. ఆ కోపంలోనే "పాడు వాన, ఇవాళే రావాలా" అని కూడా అన్నాను.

బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది. కూతురి కుటుంబంతో గోవా వెళ్లొస్తోంది. సొంతూరు అనంతపురం జిల్లా కణేకల్ అని దారిలో చెప్పింది.

"వానను తిట్టద్దు నాయనా. ఈడ ఇనిందంటే రాకుండానే పోతాది."

నవ్వులాటకు అందేమోనని చూశాను. ఆమె కళ్లు రోడ్డవతల వాడిపోయిన శనక్కాయ చేను మీదున్నాయి. పైన కాస్త మబ్బు పట్టింది.

తర్వాత ఆ ఉద్యోగి వైపు తిరిగింది.

"వాన సంగతి ఇడిసిపెట్టప్పా. అన్నం సంగతి చూడు. పిల్లోళ్లు ఆకలితో ఉండారు."

అతను పక్కకెళ్లి ఫోన్లో ఎవరితోనో మాట్లాడాడు. అందరికీ భోజనాలు వచ్చాయి.

అనంతపురంలో ఆమె దిగిపోయింది. ఆ మబ్బు కురిసిందో లేదో నాకు తెలియదు.

ఇప్పటికీ విమానం ఆలస్యమైతే నాకు రావాల్సింది గట్టిగానే అడుగుతాను. వాన వల్ల అని చెబితే మాత్రం, గొంతు తగ్గించి అడుగుతాను.