దేవదూత వేషం కట్టిన రత్నం

1996లో నేను విశాఖపట్నం వన్‌టౌన్‌లో ఒక మిషన్ స్కూల్లో ఒకటో తరగతి టీచర్ని. స్కూలు ఎత్తు మీద ఉండేది. కిటికీలోంచి చూస్తే ఫిషింగ్ హార్బర్లో బోట్ల మీది జెండాలు కనిపించేవి. ఓడ సైరన్ మోగితే పాఠం ఆపి, అది అయ్యాక మళ్లీ మొదలుపెట్టేవాళ్లం. నా క్లాసులో సగం మంది చేపల వేటకెళ్లేవాళ్ల పిల్లలు, తక్కినవాళ్లు పోర్టు ఉద్యోగుల పిల్లలు.

నూకరత్నం ఆ ఏడే చేరింది. తండ్రి దానయ్య మరబోటు మీద కలాసీ. తల్లి పోలమ్మ హార్బర్లో వేలం పాడిన చేపల్ని గంపకెత్తుకుని వీధులు తిరిగి అమ్మేది. రత్నం రోజూ మూడో బల్ల మీద గోడవైపు కూర్చునేది. పేరడిగితే నావైపు చూసి తల దించుకునేది. ఒకసారి "నీకిష్టమైన పువ్వేది?" అని అడిగితే, ఎంతో ధైర్యం కూడగట్టుకుని "సేపల పులుసు" అంది. క్లాసంతా గొల్లుమంది. ఆ తర్వాత చాలా రోజులు నోరు విప్పలేదు.

పోలమ్మని పిలిపించాను. గంప గేటు దగ్గర దింపి వచ్చింది.

"ఇంటికాడ వాగతానే ఉంటాది టీచరమ్మా. నోరు ముయ్యవే గుంటా అని నానే తిడతాను. ఇక్కడికొచ్చేసరికి ఏటైపోతాదో మరి!"

"బెరుకు. క్రిస్మస్ డ్రామాలో వేషం వేయిస్తాను. అదే పోతుంది," అన్నాను.

"మాం నూకాలమ్మని కొలిసీవోళ్ళం గదమ్మా..." అని ఒక్క క్షణం ఆలోచించి, "ఆ తల్లేటీ అనుకోదులెండి. ఎయ్యించండి," అంది.

క్రిస్మస్ డ్రామా బాధ్యత ప్రతి ఏడూ నాదే. నోరు మెదపని పిల్లల్ని ఏరి మరీ స్టేజీ ఎక్కించేదాన్ని. చిన్నపిల్లల డ్రామాకి ప్రాణం ప్రాంప్టింగ్. అంటే తెర పక్కన నిలబడి మాటలు గుసగుసగా అందించడం. రత్నానికి దేవదూత వేషం ఇచ్చాను. గొర్రెల కాపర్ల దగ్గరికొచ్చి చెప్పాల్సింది ఒకే మాట: "భయపడకండి! మీకో మంచి కబురు తెచ్చాను!"

పక్కనుంచి అందిస్తే రత్నం రాయిలా నిలబడేది. నేను ఎదురుగా వచ్చి చెబితే వెంటనే పట్టుకునేది. నా మొహం కనబడితే దానికి ధైర్యం కాబోలు అనుకున్నాను. అందుకని తెర పక్కన మానేసి, స్టేజీ కింద ముందు వరసలో కూర్చుని, అందరికీ అక్కణ్ణించే పెదవులు కదుపుతూ అందించడం మొదలుపెట్టాను.

డ్రామా రోజు సాయంత్రం హాలు నిండిపోయింది. దానయ్య ఆ రోజు వేటకెళ్లకుండా, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. అట్ట రెక్కలు కట్టుకుని రత్నం స్టేజీ మధ్యకొచ్చింది. నన్ను వెతుక్కుంది. నా పెదవులు కదలగానే, మైకు అక్కర్లేనంత గొంతుతో చెప్పింది. ముందువరస పెద్దలు ఉలిక్కిపడ్డారు. హాలంతా ముద్దుగా నవ్వి, ఆ వెంటనే చప్పట్లు కొట్టింది. రత్నం ఆ మొహాలన్నీ చూసి, ఎవరూ నేర్పకుండానే వంగి దండం పెట్టింది.

"ఇది మా గుంటేనేటి?" అని దానయ్య పక్కవాణ్ణి అడగడం నాకు వినబడింది.

సెలవుల తర్వాత వచ్చిన రత్నం వేరే పిల్ల. ప్రతి ప్రశ్నకీ చెయ్యెత్తేది. జవాబు తప్పయితే తనూ నవ్వేది. స్నేహితురాళ్లయ్యారు. ఇంటర్వెల్లో పిల్లల్ని వరసగా నిలబెట్టి, తాను టీచరై పాఠం చెప్పేది. సిగ్గరి పిల్లలు ఇలా విచ్చుకోవడం అంతకుముందూ చూశాను, కానీ ఇంతగా ఎప్పుడూ చూడలేదు.

ఒక్కటే అర్థమయ్యేది కాదు. బోర్డు మీద రాసింది పొల్లు పోకుండా ఎక్కించే పిల్ల, డిక్టేషన్ చెబితే సగం వదిలేసేది. ఒకరోజు నేను క్లాసు వెనక తిరుగుతుండగా చేతిలోని చెక్కడస్టరు జారి నేలమీద పడింది. పిల్లలంతా వెనక్కి తిరిగారు. రత్నం తిరగలేదు. దాని వెనకే నిలబడి పేరు పెట్టి పిలిచాను. గట్టిగా పిలిచాను. పక్కపిల్ల మోచేత్తో పొడిస్తే అప్పుడు తిరిగి, నన్ను చూసి నవ్వింది.

పోలమ్మనీ రత్నాన్నీ వెంటబెట్టుకుని పెద్దాసుపత్రికి వెళ్లాను. ఆడియోమెట్రీ అనే పరీక్ష చేశారు. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి రకరకాల శబ్దాలు వినిపిస్తారు, వినబడినప్పుడల్లా చెయ్యెత్తాలి. రత్నం పరీక్ష చేసేవాడి మొహం చూసి, అతని కనుబొమ్మ కదిలినప్పుడల్లా చెయ్యెత్తుతోంది. అతను కనిపెట్టి దాన్ని గోడవైపు తిప్పి కూర్చోబెట్టాడు. ఇక ఆ చెయ్యి ఎప్పుడో తప్ప లేవలేదు.

"లోపలి నరం దెబ్బతింది," అన్నాడు డాక్టరు. "ఇది బాగయ్యేది కాదు. ఇంకా తగ్గుతుంది."

"ఇంటికాడ ఇంటాది బాబూ!" అంది పోలమ్మ.

"మీ గొంతు పెద్దది. పైగా దగ్గరగా, ఎదురుగా మాట్లాడతారు. పెదాలు చూసి సగం ఊహించుకుంటుంది."

బస్సులో పోలమ్మ ఆసుపత్రి కాగితం కొంగున ముడేసుకుంది. రత్నం కిటికీలోంచి కనబడినవన్నీ చూపిస్తూ దారంతా కబుర్లు చెప్పింది.

ఒక ఉచిత శిబిరంలో చెవిమిషన్ ఇప్పించాం. గుండెల మీద వేలాడే పెట్టె, దాన్నించి చెవికి తీగ. అది మాటలతోపాటు బల్లల చప్పుడు, పిల్లల అరుపులు, సైరన్ అన్నీ కలిపి పెంచేది. రత్నం తీగ పీకేసి ఏడ్చేది. నేను నచ్చజెప్పి మళ్లీ పెట్టేదాన్ని. కొన్నాళ్లకి ఓర్చుకుంది. కానీ డాక్టరు చెప్పినట్టే వినికిడి జారిపోతూ వచ్చింది. దాంతోపాటు మాటా జారింది. కొన్ని అక్షరాలు మాయమయ్యాయి, కొన్ని ముద్దయ్యాయి. జూన్‌లో వాళ్లతోపాటు నన్నూ రెండో తరగతికి మార్చారు. అక్కడ పిల్లలు వెక్కిరించడం మొదలుపెట్టారు. అయినా రత్నం వెనక్కి తగ్గలేదు. మళ్లీ డిసెంబరు రాగానే అందరికంటే ముందు నా దగ్గరికొచ్చి, చేతులు రెక్కల్లా ఆడించి, "టీతల్, నా ఏతం?" అని అడిగింది.

రిహార్సల్ చూసి హెడ్మిస్ట్రెస్ నన్ను పక్కకి పిలిచారు.

"ఆ మాట మరో పిల్లకివ్వండి. ఎవరికీ అర్థం కావడం లేదు."

"అర్థం కాకపోతే పోనీ మేడమ్. దానికి ఈ ఒక్క రోజైనా కావాలి."

"నాకూ జాలే అమ్మా. అందుకే చెబుతున్నాను. నలుగురూ నవ్వితే తట్టుకోగలదా? నక్షత్రం పట్టుకుని నిలబడనివ్వండి. రెక్కలు కూడా ఉంచండి."

ఎంత వాదించినా ఒప్పుకోలేదు. నక్షత్రం చూపించి, సైగలతో, మాటలతో రత్నానికి చెప్పాను. తలూపింది.

డ్రామా రోజు సాయంత్రం ఈసారి కూడా నేను స్టేజీ కింద ముందు వరసలోనే కూర్చున్నాను. కొత్త దేవదూత వచ్చి నిలబడి బిక్కచచ్చిపోయింది. ఆ పిల్లకి అందించడానికి పెదవులు కదిపాను. నక్షత్రం పట్టుకుని పక్కనే ఉన్న రత్నం చూపు నా పెదవుల మీదే ఉంది. అవి కదలగానే తననే అనుకుంది. ఒక అడుగు ముందుకేసి, గొంతంతా తెరిచి ఆ మాట చెప్పింది. అప్పటికే కొత్త దేవదూత చెప్పేసింది. దాని వెనక ఒక్క అక్షరమూ పోల్చుకోలేని రత్నం కేక హాలంతా మోగింది.

హాలు పగలబడి నవ్వింది. చప్పట్లు కూడా ఎవరో కొట్టారు. రత్నం మొహం వెలిగిపోయింది. నక్షత్రం కింద పెట్టి వంగి దండం పెట్టింది. నవ్వు ఇంకా పెరిగింది.

తలెత్తి తల్లికోసం వెతికింది. పోలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. మొహాలు చదవడంలో రత్నాన్ని మించినవాళ్లు మా స్కూల్లో లేరు. తల్లిని చూసింది, నవ్వుతున్నవాళ్లని మళ్లీ ఒకసారి చూసింది, నన్ను చూసింది. నెమ్మదిగా నక్షత్రం తీసుకుని మొహానికి అడ్డం పెట్టుకుంది. తెర పడేదాకా దించలేదు.

తర్వాత స్కూలుకి వచ్చింది కానీ మాట్లాడలేదు. ఈసారి మూడో బల్ల నుంచి నావైపు కూడా చూసేది కాదు. చెవిటిపిల్లల స్కూలు కోసం తిరిగాను. ఊళ్లో ఉన్నదానికి రెండు బస్సులు మారాలి. తెల్లారకుండా హార్బరుకి పోయే తల్లి ఎలా దింపుతుంది? హాస్టలున్నది వేరే జిల్లాలో. దానయ్యతో మాట్లాడటానికి వాళ్ల ఇంటికి వెళ్లాను. అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు.

"సెవులినబడని ఆడగుంటని అంత దూరం ఒగ్గేసి, నాను నడి సముద్రంలో ఎలగుండాలమ్మా? ఎవుడైనా ఏటైనా సేత్తే అదొచ్చి నాకు సెప్పుకోగలదా?"

నేను ఎంత చెప్పినా వల మీంచి తలెత్తలేదు. వేసిన ముడి మీదే మళ్లీ ముడి వేస్తున్నాడు. వేసవి సెలవుల తర్వాత రత్నం స్కూలుకి రాలేదు.

మళ్లీ చూసింది 2007లో. చేపల కోసం హార్బరుకి వెళితే, పోలమ్మ పక్కన కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. చెవికి మిషన్ లేదు. ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. నన్ను గుర్తుపట్టి లేచి నిలబడింది. "బాగున్నావా రత్నం?" అని పెదవులు బాగా కదిలేలా అడిగాను. నోరు తెరిచింది. చుట్టూ ఉన్న జనాన్ని చూసి, తడిచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని తలూపింది.

"ఇంటికాడా మానేసింది టీచరమ్మా," అంది పోలమ్మ. "మాతోటి సైగలే. దాని గొంతెలగుండేదో మరిసిపోతన్నాం." చేపల మీద నీళ్లు చల్లుతూ అడిగింది: "ఆ మొదటేడు దానికి వేసం కట్టకుండా ఉంటే బాగుణ్ణేమో గదమ్మా? రుసి తెలకుండా పోయేది."

రత్నం మళ్లీ కూర్చుని రొయ్యలు ఒలవసాగింది.

ఎవరైనా ఫలానా పిల్ల సిగ్గరి అంటే, మొదట ఆ పిల్ల వెనక నిలబడి పేరు పెట్టి పిలుస్తాను. రత్నం వల్ల నేర్చుకున్నది అది. చిన్న టీచర్లకీ అదే చెబుతాను. తిరిగి చూసిన పిల్లకి నా దగ్గర మందుంది. ఒక వేషం, ఒక మాట, ఎదురుగా నేను. తిరిగి చూడని పిల్ల దొరికినప్పుడు తల్లిని పిలిపించి ఆసుపత్రికి పంపుతాను. వాళ్లు కాగితాలతో తిరిగొచ్చి, "ఇప్పుడేటి సెయ్యమంటారమ్మా?" అని నా మొహంలోకి చూస్తారు. ఆ ప్రశ్నకి మాత్రం ఇన్నేళ్ల సర్వీసులోనూ నేనేమీ నేర్చుకోలేకపోయాను.