ల్యాబ్ స్పీకర్లో రూతు గొంతు

కాలేజీలో జరిగిన ఉద్యోగ ఇంటర్వ్యూకు నా విద్యార్థిని రూతు తన ఇష్టంతోనే రాకుండా మానేసిందని ప్రిన్సిపాల్‌కు చెప్పాను. అసలు కారణం మాత్రం చెప్పలేదు.

కర్నూలులో ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. మాట్లాడేటప్పుడు ఎక్కడ తడబడుతున్నారో మీరే గమనించి, నాకొక్కడికే వాయిస్ మెసేజ్ పెట్టమని పిల్లలకు చెప్పాను. కోడుమూరు నుంచి వచ్చే రూతు దాపరికం లేకుండా పెట్టింది. "ఇంగ్లీషు మాటలు లోపల బాగానే వస్తాండాయి సార్. మీ ముఖం చూస్తానే ఆగిపోతాండాయి."

నాకు ఒళ్లు మండింది. మర్నాడు ఆ మెసేజ్‌ను ఇంగ్లీషు ల్యాబ్ స్పీకర్లో క్లాసంతటికీ వినిపించాను.

"సారు ముసుగేసుకోని రావాలప్పా" అన్నాడు వెనక బెంచీలో ఒకడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రూతు తలెత్తలేదు. ఆ వారమే జరిగిన ఇంటర్వ్యూకు రాలేదు. ఆ తర్వాత నా క్లాసులో నోరు విప్పలేదు.

చాలా రోజులకు వరండాలో ఆమెను ఆపి, తప్పయిందన్నాను.

"నవ్వించింది అందరి ముందర. ఈడ నాకొక్కదానికే చెప్తాండారా సార్?" అంది.

మర్నాడు ల్యాబ్‌లో మైకు పట్టుకున్నాను. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెప్పిన నాకు ఆ ముఖాల ముందు మాట పెగల్లేదు. ఆమె చెప్పింది ఇదేనని అప్పుడు తెలిసింది.

"రూతూ, నన్ను నమ్మి చెప్పిన మాటను నవ్వులపాలు చేశాను. నీ ఇంటర్వ్యూ పోయింది నా వల్లే. క్షమించమ్మా" అన్నాను.