లారీ మెదడుకు బొట్టు

కొత్త రాష్ట్రం వచ్చిన తొలి రోజుల్లో నార్కట్‌పల్లి హైవే పక్క ఒక షెడ్డులో నేను మెకానిక్‌గా కుదురుకున్నాను. చదివింది డిప్లొమా, వేషం మాత్రం పెద్ద డాక్టరుది. అప్పటికే లారీల్లోకి కంప్యూటర్లు వచ్చేశాయి. ఇంజన్‌లో లోపముంటే డ్యాష్‌బోర్డు మీద లైటు వెలిగి ఆరుతూ కోడ్ చెబుతుంది. ఆ మిణుకులు లెక్కపెట్టి జబ్బు పేరు చెప్పడం మా షెడ్డులో నాకొక్కడికే వచ్చు. (దాంతో నా నడకే మారిపోయిందని మిత్రులు అనేవారు.) మా చిన్నాయనకు ఒక పాత లారీ ఉండేది. ఓసారి చిన్నమ్మను అందులో ఎక్కించి, సీటు కింది డబ్బా చూపించి, "గీ డబ్బనే లారీకి మెదడు చిన్నమ్మా. ఇది చెప్తెనే ఇంజన్ ఇంటది" అని పాఠం చెప్పాను. ఆమె భక్తిగా తల ఊపింది.

దసరా మరునాడు చిన్నాయన నకిరేకల్‌లో బత్తాయి లోడెక్కించుకుని హైదరాబాదు బయలుదేరాడు. లారీ మూలుగుతూ వచ్చి మా షెడ్డు ముందు ఆగింది. "జర సూడురా. ఎంత రేస్ ఇచ్చినా ఎత్తు ఎక్కుతలేదు. పొద్దుమూకె లోపట కదలకపోతె బత్తాయి సేటు కాయ వేరే బండిల ఏస్తనంటున్నడు. గీ లోడు వోతె మళ్ల నన్ను పిలువడు" అన్నాడు.

మిణుకులు లెక్కపెడితే తేడా పెడల్ సెన్సార్‌లో అని తేలింది. విప్పి, తుడిచి, బిగించాను. ఈసారి లైటు నీళ్ల వేడి సెన్సార్ పేరు చెప్పింది. అదీ విప్పాను. మళ్లీ స్టార్ట్ చేస్తే గాలి సెన్సార్ అంది.

"గిన్ని రోగాలా?" అన్నాడు చిన్నాయన.

"పాత బండి గదా" అన్నాను, స్పానర్ వెతుకుతున్నట్టు ముఖం దాచుకుంటూ. నిజానికి నాకు భయం వేసింది. ఇన్ని సెన్సార్లు ఒకేసారి చెడిపోవు, వాటి మాట వినే డబ్బాలోనే తేడా ఉండాలని అప్పటికి తట్టింది. డబ్బాకు తగిలించిన పెద్ద ప్లగ్గు ఊడదీశాను. లోపల పిన్నుల మధ్య తడి పసుపు, దాని మీద నిండుగా కుంకుమ!

చిన్నాయన వెంటనే ఇంటికి ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు. చిన్నమ్మ ఏమాత్రం తడబడలేదు. "నిన్న పూజల నేనే వెట్టిన బిడ్డా. టైర్లకు వెట్టి, స్టీరింగుకు వెట్టి, మెదడుకు వెట్టకపోతె ఎట్ల? నువ్వే చెప్తివి గదా. మీదికెళ్లి వెడితె లోపటికి ముడ్తదా? అందుకే గా ప్లగ్గు గుంజి లోపట వెట్టి మళ్ల తగిలించిన."

ఫోన్ చిన్నాయనకు తిరిగిచ్చాను. స్ప్రే కొట్టి, పాత టూత్‌బ్రష్‌తో పిన్నులన్నీ శుభ్రం చేసి, ఆరబెట్టి బిగించాను. లైటు ఆరిపోయింది. లారీ ఎప్పటిలా గర్జించింది. చిన్నాయన గబగబా ఎక్కుతూ, "బొట్టు మొత్తం తుడిసినవని మీ చిన్నమ్మకు చెప్పకు" అన్నాడు. పొద్దు గుంకకముందే బత్తాయి రోడ్డెక్కింది.

ఆ తర్వాత ప్రతి దసరాకూ చిన్నమ్మ డబ్బా మూత మీదే బొట్టు పెట్టి, మిగిలిన కుంకుమ నా నుదుటికి అద్దేది. "గీ మెదడు సుత పనిచెయ్యాలె గదా" అనేది.

ఇప్పుడు నా చేతిలో పెద్ద స్కానర్ ఉంది, మిణుకులు లెక్కపెట్టే పని లేదు. అయినా కోడ్లు కలగాపులగంగా వస్తే ముందు, "ఇంట్ల పూజ గిట్ల చేసిన్రా?" అని అడుగుతాను. చిన్నమ్మ పోయాక వచ్చిన మొదటి దసరాకు స్కానర్ వెనక వైపు నేనే బొట్టు పెట్టాను. వేలికి కొంచెం కుంకుమ మిగిలింది. ఇంత వయసొచ్చి, నా నుదుటికి ఎవరైనా అద్దుతారేమోనని కాసేపు అలాగే నిలబడ్డాను.