పదకొండు తప్పులు

పుత్తూరు బస్టాండు వెనక వీధిలో నాగవేణి టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టి అప్పటికి పంతొమ్మిదేళ్ళు. ఒకప్పుడు పద్నాలుగు మిషన్లు తెల్లవారి ఆరింటి నుంచే టకటకలాడేవి. 2005 వచ్చేసరికి పన్నెండు పాత ఇనుము కొట్టుకు పోయాయి. మిగిలిన రెండింటి పక్కన అప్పుచేసి కొన్న కంప్యూటర్ ఒకటి చేరింది.

మిషన్లు పోయినా ఆమె పద్ధతి పోలేదు. పిల్లలు కొట్టిన ప్రతి కాగితం మీదా ఎర్ర పెన్సిలుతో తప్పుకు సున్నా చుట్టి, కింద లెక్క రాసి, సంతకం పెట్టి ఇచ్చేది. సర్కారు వారి లోయరు, హయ్యరు పరీక్షల సీలు కవర్లూ, ఎక్కడి నుంచో వచ్చే ఎగ్జామినర్లూ, తప్పుకింత అని కోసే మార్కులూ చూసిచూసి ఆమెకొక నమ్మకం కుదిరిపోయింది. నిబంధన ఎక్కడ కఠినంగా ఉంటే అక్కడ న్యాయం ఉంటుందని. మోసగాళ్ళు వెతికేది సరిగ్గా ఇలాంటి మనుషుల కోసమే.

ఆ వేసవిలో న్యూస్‌పేపర్లో పెట్టి పంచిన కరపత్రం ఒకటి ఆమె చేతికొచ్చింది. ఇంటర్నెట్ ద్వారా విదేశీ కంపెనీల టైపు పని, ఇంట్లో కూర్చుని నెలకు ఎనిమిది వేలు. తిరుపతిలో ఆఫీసు. చేరేటప్పుడు నాలుగున్నర వేలు డిపాజిట్. చివర్లో సన్న అక్షరాలతో, నూటికి తొంభై ఎనిమిది శాతం తప్పుల్లేకుండా ఉంటేనే డబ్బు చెల్లిస్తాం అని ఉంది. వేరెవరైనా ఆ షరతు చూసి వెనక్కి తగ్గేవారేమో. నాగవేణి ఆ షరతు చూసే నమ్మింది.

ఆమె దగ్గర హయ్యరు పాసైన పిల్ల ధరణి. ఆ పిల్ల తల్లి మునెమ్మ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసే పనికి పోతుంది. సీజను మూడు నెలలూ మామిడి సొన తగిలి ఆమె వేళ్ళ తోలు ఊడొస్తుంటుంది. కూతురి వేళ్ళకు ఆ గతి పట్టకూడదనే టైపు నేర్పించింది. నాగవేణి కబురు పెడితే తల్లీ కూతుళ్ళిద్దరూ వచ్చారు.

మునెమ్మ కరపత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమెకు చదువు రాదు.

"టీచరమ్మా, నాకు తెలీక అడగతా ఉండా. ఫ్యాక్టరీలో చేరేటప్పుడు నన్ను ఎవురూ దుడ్డు అడగలేదే. పని చేసేదానికి మనమెందుకు దుడ్డు కట్టాల?"

నాగవేణికి నవ్వొచ్చింది. "అది కూలి పని మునెమ్మా. ఇది సదువుకున్నోళ్ళ పని. దీని పద్ధతి వేరే. నీకు తెలీదులే."

మునెమ్మ కరపత్రాన్ని మడిచి కూతురి చేతిలో పెట్టింది. మర్నాడే చెవుల కమ్మలు తాకట్టుకు పోయాయి. చదవేస్తే ఉన్న మతి పోయిందని పెద్దలు ఊరికే అనలేదు.

తిరుపతి ఆఫీసువాళ్ళు ఒక సీడీ ఇచ్చారు. అందులో మసకమసకగా ఫొటో తీసిన ఇంగ్లీషు పేజీలు మూడొందల పది. మొదటి పదింటిని కంపెనీవాళ్ళే టైపు చేసి, ఇట్లా ఉండాలని మాదిరిగా జత చేశారు. మిగిలిన మూడొందలూ ఇరవై రోజుల్లో కొట్టి పంపాలి. ధరణి నాగవేణి కంప్యూటర్ ముందు పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా కూర్చుని, పద్దెనిమిదో రోజున నెట్ సెంటర్ నుంచి అన్నీ పంపేసింది.

వారానికి జవాబొచ్చింది. తొంభై ఒకటి పాయింటు నాలుగు శాతం. పని తిరస్కరించడమైనది, డిపాజిట్ జప్తు.

గోరుచుట్టు మీద రోకటి పోటులా ఆ వెనకే లాయరు నోటీసు. ఒప్పందం ఉల్లంఘించినందుకు ఆరు వేలు కట్టాలట. లేదంటే ధరణి మూడొందల రూపాయలు కట్టి, సీడీలోని ఏవైనా పది పేజీలు మళ్ళీ పంపి పరీక్షకు నిలబడవచ్చట. కమ్మలు తాకట్టు పెట్టుకున్న ఇంటికి కోర్టు కాగితం పంపడానికి ఎంత కండకావరం ఉండాలి!

నాగవేణి మూడొందల పేజీలూ ముద్రించి ముందేసుకుంది. మూడు రోజులు ఇన్‌స్టిట్యూట్ మూసి, అక్షరం అక్షరం అసలుతో సరిచూసింది. ఎర్ర పెన్సిలు సున్నాలు పదకొండు పడ్డాయి. మూడొందల పేజీల్లో పదకొండు!

ఆ కట్ట తీసుకుని మునెమ్మ ఇంటికి పోయింది. ధరణి గడపలో కూర్చుని ఉంది. ఇరవై రోజులుగా ఇన్‌స్టిట్యూట్ వైపు రాలేదు. రేపటి నుంచి అమ్మతో ఫ్యాక్టరీకి పోతానంటోంది.

"పదకొండే పాపా. నేనే లెక్కపెట్టినా."

ధరణి కాగితాలు ముట్టుకోలేదు. "మీరు నామింద ప్రేమతో సెప్తా ఉండారు మేడం. కంప్యూటర్‌కి ప్రేమ ఉండదు గదా. అది సెప్పింది నిజిం. నా సేతులు దేనికీ పనికిరావు."

నాగవేణి కట్టను ఆ పిల్ల పక్కనే గడప మీద పెట్టి లేచింది. నాలుగున్నర వేలు తిన్నారు, సరే. దొంగలు తింటారు. కానీ తను 'ఏ, ఎస్, డి, ఎఫ్' నుంచి దిద్దించిన వేళ్ళు పనికిరావని ఆ పిల్ల చేతనే అనిపించారే, అది ఏ దొంగా చెయ్యని పని. ఈ పిల్ల ఆ మాట నమ్మి ఫ్యాక్టరీకి పోతే మళ్ళీ మీటల ముందు కూర్చోదు. దాన్ని ఆ గుంటలోకి దించింది తనే.

ఇన్‌స్టిట్యూట్‌కొచ్చి సీడీ తెరిచి చాలాసేపు చూసింది. ఆ తర్వాత తన డబ్బు మూడొందలు కట్టి, ధరణి పేరున పది పేజీలు పంపింది. ఒక్క మీట కూడా నొక్కలేదు. కంపెనీవాళ్ళు మాదిరికని తామే టైపు చేసిచ్చిన ఆ మొదటి పది పేజీలనే, పైన ధరణి పేరు పెట్టి, ఉన్నవి ఉన్నట్టు వెనక్కి పంపింది.

నాలుగో రోజున ఫలితం వచ్చింది. తొంభై పాయింటు ఎనిమిది శాతం. తిరస్కరించడమైనది.

సోమవారం పొద్దున ధరణిని బలవంతాన బస్సెక్కించి తిరుపతి తీసుకుపోయింది. సోమవారాలు కొత్తవాళ్ళను చేర్చుకునే రోజు. ఆఫీసు బెంచీల మీద ఏడెనిమిది మంది డిపాజిట్ కవర్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. బల్ల వెనక రూపేష్ అనే యువకుడు, ఇస్త్రీ చొక్కా, మెళ్ళో కంపెనీ కార్డు, నోట్లో తేనె.

నాగవేణి ఫలితం కాగితాన్నీ పది పేజీలనూ బల్ల మీద పెట్టి, పైన ఎర్ర పెన్సిలు పెట్టింది.

"వీటిల్లో తప్పులు యాడుండాయో సున్నాలు సుట్టు నాయనా."

"అది సాఫ్ట్‌వేర్ చూస్తుంది మేడం. మనుషులు చూడరు."

"మాది పుత్తూరు. మా ఊళ్ళో కట్టు కట్టేవాడు కూడా ఎముక యాడ ఇరిగిందో ఏలు పెట్టి సూపించినాకే కట్టు కడతాడు. నూటికి తొమ్మిది తప్పులంటివి. ఒక్కటి సూపించు."

"రూల్స్ ఒప్పుకోవు మేడం. ఈ అమ్మాయికి స్పీడుంది, అక్యురసీ లేదు. మీరు బాధపడితే ఎలా?"

"ఈ పది పేజీలు ఈ పాప కొట్టలేదు. మీ కంపెనీ కొట్టింది. ఇదిగో మీ సీడీ. ఇట్లా ఉండాల అని మాదిరికి ఇచ్చినారే, ఆ పేజీలే నీకు పంపినా. మీరు కొట్టిందే మీ సాఫ్ట్‌వేర్‌లో తప్పింది."

రూపేష్ తేలు కుట్టిన దొంగలా బెంచీల వైపు చూశాడు. బెంచీ మీద ఒకరు గొంతు సవరించుకున్నారు. నాగవేణి ఇంకేదో అనబోతుండగా వెనక నుంచి ధరణి ముందుకొచ్చింది. దారి పొడవునా నోరు తెరవని పిల్ల సంచిలోంచి తన మూడొందల పేజీల కట్ట తీసి బల్ల మీద వేసింది.

"నావి పదకొండు తప్పులు సార్. పదకొండూ నాకు తెలుసు. పన్నెండోది ఉంటే సూపించండి."

అతను చూపించలేదు. డిపాజిట్ మాట మా చేతుల్లో లేదు, చెన్నై హెడ్డాఫీసులో అడగమన్నాడు. కానీ బెంచీల మీది వాళ్ళు ఒక్కొక్కరే కవర్లు జేబుల్లోకి, రవికల్లోకి దోపుకుని మెట్లు దిగారు. పోలీసు స్టేషనుకు పోతే, కంప్యూటర్ కేసులు మాకు తెలీవమ్మా అని ఫిర్యాదు కాగితం తీసుకుని పక్కన పడేశారు. పది రోజులకు ఆ ఆఫీసుకు తాళం పడింది. కమ్మలు రాలేదు. శ్రీకాళహస్తిలో వేరే పేరుతో అదే కరపత్రం పంచుతున్నారని తర్వాత తెలిసింది. ఇలాంటి వాళ్ళకు సిగ్గు లేకపోవడమే పెట్టుబడి.

తిరుపతి నుంచి తిరిగొచ్చిన సాయంత్రమే నాగవేణి మునెమ్మ ఇంటి అరుగు మీద కూర్చుంది. ధరణి లోపల కట్ట విప్పి, ఎర్ర సున్నాలు ఒక్కొక్కటీ వెతుక్కుని చూసుకుంటోంది. ఫ్యాక్టరీ ఊసెత్తలేదు.

"మునెమ్మా, ఆ పొద్దు నువ్వు అడిగిన మాటకి నేను నవ్వినా. నవ్వకుండా ఉండాల్సింది."

మునెమ్మ బోడి చెవి తడుముకుని, "కాఫీ తాగి పో టీచరమ్మా," అంది.

నెల తిరక్కుండా ఇన్‌స్టిట్యూట్ గోడ మీద 'టైపు, కంప్యూటర్ నేర్పబడును' కింద పెద్ద అక్షరాల్లో కొత్త వాక్యం ఒకటి వెలిసింది. పని చేసేదానికి మనమెందుకు దుడ్డు కట్టాల? ఆ కింద, మునెమ్మ.

రాసింది ధరణి. మునెమ్మ ఫ్యాక్టరీ నుంచి వస్తూ గోడ ముందు నిలబడి, "నా పేరు యాడుండాది?" అని అడిగింది. ధరణి తల్లి చెయ్యి పట్టుకుని, తోలు ఊడిన ఆ వేలిని అక్షరాల మీద పెట్టింది.