సాక్సులు వేసుకుని పడుకున్న మనిషి

గుడ్ ఫ్రైడే ముందు బుధవారం మా మరదలు సువార్త గోదావరిఖని నుంచి ఫోన్ చేసింది. "మీ తమ్ముడు వారం సంది సాక్సులు ఏస్కోనే పంటుండు వదినె. ఎందుకంటే చెప్తలేడు" అంది. అక్కడ ఎండాకాలంలో రోడ్డు మీద తారు కూడా మెత్తబడుతుంది. అలాంటి చోట మనిషి సాక్సులతో పడుకుంటున్నాడంటే ఏదో దాస్తున్నట్టే.

మా ఇంట్లో షుగరు ఆస్తి పంచినట్టు అందరికీ వచ్చింది. నాన్నకు, నాకు, తమ్ముడు దానియేలుకు. బొగ్గుబావిలో పనిచేసిన నాన్నకు కాలివేళ్ళ సందున చిన్న పుండు లేచింది. చివరికి మోకాలి దాకా తీసేశారు. ఆ తర్వాత ఆయన ఎక్కువ కాలం బతకలేదు. దానియేలుదీ బావి పనే, నీళ్ళు తోడే పంపుల దగ్గర. డ్యూటీ అంతా గమ్‌బూట్లలో, తడిలో.

గురువారం తెల్లవారుతుండగానే రైలెక్కాను. స్టేషను పేరు భద్రాచలం రోడ్, ఊరేమో మా కొత్తగూడెం. కొత్తవాళ్ళు తికమక పడకండి. బల్లార్షా వైపు వెళ్ళే ఈ రైలు నేరుగా రామగుండంలో దించుతుంది, బస్సులు మారే బాధ లేదు. కట్టుకొచ్చిన ఇడ్లీ డోర్నకల్ దాటినా ముట్టబుద్ధి కాలేదు. భయపడ్డ మనిషికి కిటికీలో పొలాలు కనిపిస్తాయా? నాకు రైలుపెట్టెలో అందరి కాళ్ళే కనిపించాయి. పగిలిన మడమలు, పుచ్చిన గోళ్ళు, పట్టీలు చుట్టిన వేళ్ళు.

కాజీపేటలో ఎక్కిన ఒకావిడ నా చూపు పట్టేసింది. మంచిర్యాలలో వాళ్ళాయన మెకానిక్కట. నమాజుకు ముందు కాళ్ళు కడుక్కుని తడి మీదే సాక్సులు తొడిగేవాడని, వేళ్ళ సందులు నాని తెల్లగా పుచ్చిపోయాయని చెప్పింది. "నీళ్ళతోటి ఏం కాదక్క. తుడ్వకుంట మూస్తెనే ఖరాబైతది. ఇప్పుడు నేనే నూలుగుడ్డ పట్టుకొని నిలవడ్త" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. వాళ్ళాయన కనీసం చూపించాడు.

ఒంటిగంట దాటాక రామగుండంలో దిగి షేరింగు ఆటో పట్టాను. బొగ్గు లారీల వెనక దుమ్ము మింగుతూ కంపెనీ క్వార్టరు చేరేసరికి నోరు పిడచగట్టింది. దానియేలు పొద్దుటి షిఫ్టు ముగించుకుని నాలుగింటికి వచ్చాడు. బూట్లు విప్పాడు, సాక్సులు విప్పలేదు. బతిమాలాను, తిట్టాను. చివరికి గోడ వైపు తిరిగి ఒక్క మాట అన్నాడు.

"నాయిన చూపెట్టినంకనే కోసిండ్రక్క. నేను చూపెట్ట."

వాళ్ళ చర్చిలో ఆ సాయంత్రం పాస్టరు అయ్యగారు పన్నెండు మంది కాళ్ళు కడుగుతారు, యేసు శిష్యుల కాళ్ళు కడిగినదానికి గుర్తుగా. ఏటా ఆ పన్నెండు మందిలో కూర్చునే దానియేలు ఈసారి తన పేరు తీసేయమన్నాడట. అయ్యగారు తీయలేదు. ఆరున్నరకు ఆరాధన మొదలైంది. పదకొండు మంది కాళ్ళు కడగడం అయ్యాక ఒక కుర్చీ ఖాళీగా మిగిలింది. ఆయన ఇంకెవరినీ పిలవలేదు. తొట్టి పక్కన మోకాళ్ళ మీద అలాగే ఉండిపోయారు. వెనక వరసలోంచి దానియేలు లేచి, తల వంచుకుని వచ్చి కూర్చున్నాడు.

సాక్సు ఊడేసరికి వాసన ముందు వరస దాకా వచ్చింది. వేళ్ళ సందులు తెల్లగా నాని ఉన్నాయి. చిటికెన వేలు మీద తోలు ఊడి, అంచులు నల్లబడ్డాయి. అయ్యగారు చెంబు పక్కన పెట్టి, వేలును మెల్లగా నొక్కి నొప్పిగా ఉందా అని అడిగారు.

"ఏం తెలుస్తలేదయ్యా" అన్నాడు.

నొప్పి లేదనగానే వెనకెవరో స్తోత్రం అన్నారు. షుగరు ముందు స్పర్శనే తినేస్తుందని నాకు తెలుసు. నాన్న కూడా నొప్పి లేదనే చెప్పేవాడు.

అయ్యగారు ఆ కాలు మీద నీళ్ళు పోయలేదు. పొడి తువ్వాలు చుట్టి ఆటో పిలిపించారు. దవాఖానకు పోయే దారిలో సంగతంతా బయటపడింది. వేళ్ళ సందులు పొడిగా ఉంచుకోమని షుగరు చూసే డాక్టరు లోగడే చెప్పాడట. స్నానానికి నీళ్ళు కాచే బొగ్గుపొయ్యి దగ్గర మా వాడు రోజూ కాళ్ళు కాపుకున్నాడు. "పొడిగుంచుమన్నరు గదా అక్క. కాలినట్టే తెల్వలే" అన్నాడు. చెప్పినట్టు చేసే కాల్చుకున్నాడు. వాడి మీద కోపం రాలేదు, ఏడుపొచ్చింది.

శుక్రవారం చిటికెన వేలు తీసేశారు. ఇంకో వారం ఆగితే పాదం పోయేదన్నారు. మా ఈస్టరు వార్డులోనే గడిచింది. అక్కడి డాక్టరమ్మ సువార్తకు దగ్గరుండి నేర్పింది. మెత్తటి గుడ్డతో వేలికీ వేలికీ మధ్య అద్దాలి. సాక్సులు రోజూ మార్చాలి. గమ్‌బూట్లు బోర్లించి ఆరబెట్టాలి. మడమకు నూనె రాసినా సందుల్లోకి పోనివ్వకూడదు. రోజూ అద్దం పెట్టి అరికాలు చూడాలి. నిప్పు దగ్గరికి మాత్రం ఎన్నడూ పోకూడదు. దానియేలు అన్నిటికీ తలూపాడు.

మంగళవారం తిరుగు రైలెక్కాను. ఈ దారిన వచ్చేవాళ్ళకు బొగ్గు, పొగగొట్టాలు కనిపిస్తాయి. నాకు బూట్లలో దాగిన భయం కనిపించింది. జమ్మికుంట దాటాక చెప్పులు విప్పి, కాలు ఒళ్ళోకి తీసుకున్నాను. కళ్ళు మూసుకుని ఒక్కో వేలూ గోటితో నొక్కాను. కుడికాలి చిటికెన వేలు దగ్గర ఆగిపోయాను. గట్టిగా నొక్కాను, ఏమీ తెలియలేదు. కళ్ళు తెరిచి చూస్తే గోరు దిగిన గుర్తు పడి ఉంది.

టికెట్టు కొత్తగూడెం దాకా ఉంది. వరంగల్లో దిగి, ఆటో అతన్ని దవాఖానకు పోనిమ్మన్నాను.