తిట్టుతో తిరిగొచ్చిన మాట

ఆ పొద్దున మా కాలేజీ స్నేహితుల గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాను. "లేచినారా ముసలోళ్ళారా?" అన్నాననే అనుకున్నాను. బయటికొచ్చింది మాత్రం ముద్దముద్దగా ఏదో శబ్దం. మా అకౌంట్స్ లెక్చరర్ నోట్లో వక్కాకు పెట్టుకొనే పాఠం చెప్పేవారు. ఆయన గొంతు అనుకరించడం నాకు అప్పటి నుంచీ సరదా. ఇదీ అదే అనుకొని అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు.

మా క్లాసువాళ్ళలో నవ్వనిది ఒక్క సరోజే. చిక్కబళ్ళాపురం నుంచి మా అబ్బాయికి ఫోన్ చేసింది. "మీ నాయన మిమిక్రీ నాకు తెలీదా? ఇది అది కాదప్పా. మూతి వంకరపోయిండాదేమో చూడు, బిరీన ఆస్పత్రికి తీస్కపో."

మా ఊరు చింతామణి ఆస్పత్రిలో చూసి బెంగళూరుకు పంపారు. సీటీ స్కాన్, ఎంఆర్ఐ. "మెదడులో లెఫ్ట్ సైడ్ స్ట్రోక్. స్పీచ్ ఏరియా దెబ్బతింది. అఫేసియా అంటారు" అన్నారు డాక్టర్. బుర్రలో అన్నీ ఉన్నాయి, నోటికి రావు. నీళ్ళు కావాలంటే "తలుపు" అనేవాణ్ణి.

పడిపోయిన కుడిచెయ్యి ఫిజియోథెరపీతో కుదుటపడింది. మాట మాత్రం సరిగా రాలేదు. మధ్యలో ఫిట్స్ వచ్చి, కష్టపడి నేర్చుకున్న నాలుగు మాటలూ పోయాయి. "ఎక్కువ ఎక్స్‌పెక్ట్ చేయొద్దు" అన్నారు డాక్టర్. ఇంట్లోవాళ్ళు నా బదులు మాట్లాడటం మొదలుపెట్టారు. మా అంగడికి వచ్చినవాళ్ళతో, నా ఎదురుగానే, "ఆయనకేమీ తెలీదులేప్పా" అన్నాడు మా వాడు. ఒళ్ళు మండిపోయింది. బతికే ఉన్నానురా అని అరవాలనిపించింది. అరవడానికి మాటేదీ?

అప్పుడొచ్చాడు బాగేపల్లి నుంచి నంజుండ, కాలేజీలో నా బెంచీవాడు. ఎదురుగా కూర్చొని, కావాలనే మాటతో గిల్లాడు.

"సీనా, ఆ పొద్దు కబడ్డీ ఫైనల్లో గీత తొక్కిండేది నువ్వే. నీ వల్లనే ఓడిపోతిమి."

పచ్చి అబద్ధం! తొక్కింది వాడు. ఇన్నేళ్ళుగా నా మీదికి తోస్తున్నాడు.

"నీ యబ్బా! నువ్వే!" అన్నాను.

మా ఆవిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి ఏడ్చేసింది. "తిట్టినాడమ్మా, తిట్టినాడు!" అని నంజుండ గంతులేశాడు. స్పీచ్ థెరపిస్టుకు చెబితే నవ్వింది. "కోపంలో వచ్చే మాటలు ఒక్కోసారి ముందొస్తాయి. వదలొద్దు" అంది.

వదల్లేదు. పొద్దున థెరపిస్టు చెప్పిన ఎక్సర్‌సైజులు, సాయంత్రం వీడియో కాల్‌లో మా గ్రూపువాళ్ళతో జగడం. నేను తడబడితే సరోజ అందరినీ కసిరేది, "ఎవురూ మాట అందీయొద్దండి, వానికే వస్తుంది" అని. నాకు చెమటలు పట్టేవి. అయినా వచ్చేది.

ఇప్పుడు మళ్ళీ అంగట్లో కూర్చుంటున్నాను. కొన్ని పేర్లు ఇంకా దొరకవు. దొరికేదాకా గిరాకీలు నిలబడతారు, నిలబడనీ.

ఈ మధ్య చెకప్‌కు వెళ్తే డాక్టర్ మా వాణ్ణి అడిగారు, నాన్నగారికి ఎలా ఉందని. వాడు నోరు తెరిచాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"నన్ను... నన్ను అడగండి."

డాక్టర్ కుర్చీ నా వైపు తిప్పుకున్నారు.

ఇంట్లో ఇలాంటి మనిషి ఉన్నవాళ్ళకు ఒక్కటే చెబుతున్నాను. మాట అందించకండి. ఎంతసేపైనా కాచుకోండి. మాది మేమే చెప్పుకుంటాం.