చినకోటయ్య కొండెక్కిన సోమవారం

క్రోసూరులో మిరప కోతలకు వెళ్లే ఆడవాళ్ల ముఠాకు గురవమ్మ పెద్ద. గట్టు మీద ఆవిడ ముందు, ముఠా అంతా వెనక. నోరు మాత్రం క్షణం ఊరుకోదు. చేను చేరేలోపు ఊళ్లో కబుర్లన్నీ అయిపోవాల్సిందే, వెనకవాళ్లు ఊఁ కొట్టాల్సిందే. ఇంట్లోనూ అంతే. మొగుడు చినకోటయ్య పెళ్లైన నాటినుంచీ ఊఁ కొడుతూనే ఉన్నాడు పాపం.

ఏటా కార్తీక సోమవారం కోటప్పకొండకు పోయి, పెద్ద గుడి దాటి, రాళ్లదారిన శిఖరం మీది పాత కోటయ్య గుడి దాకా ఎక్కడం ఆవిడకు అలవాటు. పేరులోనే కోటయ్యను పెట్టుకున్న మొగుడు మాత్రం కింద టీ కొట్టు దగ్గరే ఆగిపోయేవాడు. కిందటేడు ఆయన గుండెకు స్టెంటు వేసినప్పుడు గురవమ్మ మొక్కుకుంది, ఈసారి ఇద్దరం కలిసి పైకి వస్తామని. నెమ్మదిగా ఎక్కొచ్చని డాక్టరు కూడా అన్నాడు. ఇక ఆగుతుందా!

ఆవిడకో పట్టింపుంది. ఆ కొండ కథలో, వెంట వస్తున్న దేవుణ్ణి గొల్లభామ వెనక్కి తిరిగి చూస్తే, ఆయన అక్కడే ఆగిపోయాడు కదా. కాబట్టి కొండ మీద వెనక్కి చూడకూడదు. అది దిగేటప్పటి కథ, ఎక్కేటప్పుడు నీకెందుకని ముఠావాళ్లు ఎంత ఆటపట్టించినా వినదు. ఆ రోజూ మొగుణ్ణి వెనక రమ్మని, చెల్లెలి గేదె తప్పిపోయిన వైనం ఎత్తుకుని, చకచకా ఎక్కేసింది. వెనకనుంచి ఊఁ వినబడుతూనే ఉంది. పాత గుడి ముందు నిలబడి, సంతోషంగా వెనక్కి తిరిగింది.

నీళ్ల సీసాల మూట మోసుకుంటూ ఎవరో మనిషి!

పెద్దాయన మలుపు దగ్గరే కూలబడ్డాడని, కథ మధ్యలో ఆగిపోతుందని తానే ఊఁ కొట్టానని అతను చెప్పాడు.

గుడి గుమ్మం రెండడుగుల్లో ఉన్నా గురవమ్మ లోపలికి పోలేదు. ఏడుస్తూ, పడుతూ లేస్తూ దిగింది. తీరా చూస్తే చినకోటయ్య రాయి మీద కూర్చుని తాపీగా జామకాయ తింటున్నాడు.

ఆవిడ తిట్టినంతసేపు తిట్టనిచ్చి, నవ్వాడు.

"ఆయాసమొచ్చి ఆగమని పిలిచానే. నీ మాటల్లో నా మాట యాడ ఇనపడుద్ది?"

గురవమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"లే. ఇయ్యాల నువ్వు ముందు నడువు."

ఆయన ముందు, ఆవిడ వెనక. నాలుగడుగులు వేశాక, పట్టింపు తనకూ అంటినట్టు వెనక్కి చూడకుండానే అడిగాడు, ఉన్నావా అని. ఊఁ అంది. ఆయనకు ధైర్యం వచ్చింది. పెళ్లిచూపుల్లో భయపడి కాఫీ ఒలకబోసుకున్న సంగతి మొదలుపెట్టాడు. అక్కడక్కడా ఆగి ఊపిరి పీల్చుకుంటూ, ఆసుపత్రిలో ఆవిడ మాటలు వినబడకపోతే నిద్ర పట్టని సంగతి దాకా వచ్చాడు. ఈ మనిషిలో ఇన్ని మాటలున్నాయని గురవమ్మ కలలో కూడా అనుకోలేదు.

గుడి వచ్చింది. ఇక వెనక్కి చూడొచ్చంది ఆవిడ.

"ఉండవే, కథ కాలేదు," అంటూ చినకోటయ్య మెట్టు మీద చతికిలబడ్డాడు.

గురవమ్మ పక్కనే కూర్చుని ఊఁ కొట్టింది.